పోయిన అక్షరమునకు ఒక గుర్తు

అమెరికాలో పిల్లలకు ఇంటిలోనే చదువు చెప్పుకొను క్రైస్తవ కుటుంబము నొకదానిని ఊహింపుడు. ఉదయకాలపు ప్రార్థన ముగిసినది. ఫలహారపు పళ్లెములు తీసివేసి తల్లి భోజనపుబల్లను శుభ్రముగా తుడిచినది. ఇక మధ్యాహ్నమువరకు ఆ బల్లయే పాఠశాల. ఏడేండ్ల పిల్లవాడు పది ఆజ్ఞలలో ఒకదానిని చూచి, గుండ్రని అక్షరములతో తన పుస్తకములో వ్రాసికొనుచున్నాడు. ఇంతలో చిన్న చెల్లెలు కుర్చీ ఎక్కి అలమరలోని గాజుపాత్రకు చేయి చాపినది. తల్లి అటు తిరిగి "డోంట్!" అని ఒక్క కేక వేసినది. పిల్లవాడు పెన్సిలు ఆపి తల్లివంక చూచి అడిగినాడు: "అమ్మా! ఇక్కడ దేవుడు 'నాట్' అని పూర్తిగా చెప్పాడు గదా! నువ్వేమో సగం మింగేసి చెబుతున్నావు. ఏది ఒప్పు?"

ప్రశ్న చిన్నదే, కాని దానికి సమాధానము చెప్పుట అంత సులభము కాదు. "నేను చెప్పినది తప్పు" అన్నచో పిల్లవాడు తన ఇంటి భాషనే అనుమానింపసాగును. "రెండును ఒకటే, వ్రాసికొమ్ము" అన్నచో వాని ఆలోచనకు అచ్చటనే అడ్డుకట్ట పడును. గ్రంథములోని మాట, తల్లి నోటి మాట - ఈ రెంటిని పిల్లవాడు సమానముగా నమ్మినాడు. ఆ రెండు నమ్మకములును చెడకుండ సమాధానము చెప్పవలెను. కాంట్రాక్షన్లు అని ఆంగ్ల వ్యాకరణములు పిలుచు సంకోచపదముల పాఠము పైకి అక్షరములను కత్తిరించు ఆటవలె కనిపించును. నిజమున కది పిల్లవానికి భాషయొక్క స్వభావమునే మొదటిసారి పరిచయముచేయు పాఠము.

ఈ తల్లి ఉపాధ్యాయిని యగుటకు వెనుక కొంత చరిత్ర గలదు. అమెరికాలో చదువునకును మతమునకును గల ముడి పాతది. మసాచుసెట్స్ వలసరాజ్యము 1647లోనే ఒక శాసనము చేసినది. ప్రజలు లేఖనములను తెలిసికొనకుండ చేయుటయే సైతాను తంత్రమని చెప్పి, 50 కుటుంబములున్న ప్రతి ఊరును చదువను వ్రాయను నేర్పు వానిని నియమింపవలెనని అది నిర్దేశించినది. కాలక్రమమున ప్రభుత్వ పాఠశాలలు బలపడినవి. ఆ పాఠశాలలలో అధికారులు ఏర్పరచు ప్రార్థన రాజ్యాంగవిరుద్ధమని 1962లోను, మతకార్యముగా జరుపు బైబిలు పఠనము రాజ్యాంగవిరుద్ధమని 1963లోను సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అంతకుముందే, 1925లో, పిల్లల చదువును నిర్ణయించుటలో తలిదండ్రుల హక్కును అదే న్యాయస్థానము గుర్తించియుండెను. 1972లో ఆమిష్ మతస్థుల వ్యాజ్యమున ఆ హక్కునకు మరింత బలము చేకూరినది.

అటుపిమ్మట ఇంటిచదువు ఒక ఉద్యమముగా రూపొందినది. రేమండ్ మూర్, డొరతీ మూర్ అను అడ్వెంటిస్టు దంపతులు 1975లో ప్రచురించిన గ్రంథమున, పసిపిల్లలను తొందరపడి బడికి తోలుట మేలుకాదని వాదించిరి. మతముతో నిమిత్తములేక, బాలుర సహజమైన జిజ్ఞాసనే నమ్ముకొన్న జాన్ హోల్ట్ 1977లో ఇంటిచదువు కుటుంబములకై ఒక పత్రికను స్థాపించెను. 1983లో ఈ కుటుంబముల న్యాయరక్షణకై ఒక సంఘము వెలసినది. 1993 నాటికి 50 రాష్ట్రములలోను ఇంటిచదువు చట్టసమ్మతమైనది. ప్రభుత్వ గణాంకముల ప్రకారము 1999లో సుమారు 8,50,000 మంది బాలబాలికలు ఇంట చదువుకొనుచుండగా, 2012 నాటికి ఆ సంఖ్య 17,70,000కు చేరువైనది. వీరందరును క్రైస్తవభక్తిచేతనే ఇల్లు కదలని వారు కారు. అయినను, బైబిలును చదువునకు కేంద్రముగా నిలుపుకొన్న ఇండ్లు ఈ ఉద్యమమునకు ఆదినుండియు వెన్నెముకవంటివి.

అట్టి ఇంటిలో పిల్లవాడు అక్షరములు దిద్దునది చాలవరకు బైబిలు వాక్యములతోనే. పెక్కు కుటుంబములు నేటికిని 1611లో వెలువడిన జేమ్సురాజు నాటి అనువాదమునే ఆదరించుచున్నవి. అందు "డోంట్" లేదు, "కాంట్" లేదు, "వోంట్" లేదు. ఇందులకు కారణము భక్తిమాత్రమే కాదు, కాలము కూడ. "నాట్" అను మాట ముందరి క్రియకు అతుకుకొనిపోయిన రూపములు ఆంగ్లపు వ్రాతలో బాగుగా కానవచ్చుట 17వ శతాబ్దముననే. అప్పటికి ఆ అనువాదము అచ్చుపడిపోయినది. కావున ఆజ్ఞలలోని "నాట్" నిండుగా నిలిచియుండుట, వానిని తెనిగించిన - కాదు, ఆంగ్లీకరించిన - పండితులు తల్లుల వాడుకను తిరస్కరించినందున కాదు. ఆ వాడుక వ్రాతకెక్కు ఘడియ ఇంకను రాకపోవుటవలన. పిల్లవాని ప్రశ్నకు ఇది మొదటి సమాధానము: రెండు మాటలును సరియైనవే, వాని వయస్సులు వేరు.

సంకోచపదమన నేమో తెలుగు పాఠకునకు వేరుగ చెప్పనక్కరలేదు. "ఎక్కడ ఉన్నావు" అని విడదీసి ఏ తెలుగు తల్లియు పిల్లవానిని పిలువదు, "ఎక్కడున్నావు" అనును. "ఏమి అనెను" అనునది "ఏమనెను" అగును. రెండచ్చులు ఎదురైనపుడు ఒకటి తప్పుకొనుట తెలుగు నోటికి ఊపిరివలె సహజము. దానికి సంధియని పేరు. భేద మెచ్చటనన, తెలుగున సంధి ధ్వనిని బట్టి జరుగును; తగిన అచ్చులు తటస్థించిన చాలును, ఏ మాటకైనను జరుగవచ్చును. ఆంగ్లమున నన్ననో, సంకోచము నొందు మాటలు వ్రేళ్లపై లెక్కింపదగినవి: "ఐ", "హీ", "ఇట్" వంటి సర్వనామములు, "ఈజ్", "హావ్", "విల్" వంటి సహాయక్రియలు, "నాట్" అను నిషేధము, "లెట్ అస్" వంటి కొన్ని జంటలు. ఈ కారణముచే ఆంగ్లబాలునకు ఆ పట్టిక చిన్నది; పాఠమును చిన్నదే.

మరియొక భేదము గలదు. తెలుగు సంధి తన జాడను చెరిపివేసికొనును. "ఏమనెను" అనుచోట ఇకారము పోయినదని చెప్పు గుర్తేదియు వ్రాతలో నుండదు. ఆంగ్లమట్లు కాదు. పోయిన అక్షరమున్న తావున, పైభాగమున, చిన్న కొక్కెమువంటి గుర్తును వ్రేలాడదీయును. దానికి అపాస్ట్రఫీ అని పేరు. గ్రీకుభాషనుండి వచ్చిన ఆ పేరునకు "ప్రక్కకు తిరిగినది" అని అర్థము. 16వ శతాబ్దమున ఫ్రెంచివారి అచ్చునుండి అది ఆంగ్లమునకు వచ్చినది. మన పండితులకు ఇది కొత్త కాదు. సంస్కృతమున "కః అపి" అనునది "కోఽపి" అయినపుడు, లోపించిన అకారమునకు గుర్తుగా వ్రాయు అవగ్రహము సరిగా ఈ పనియే చేయును. తెలుగు అరసున్నయు ఇట్టిదే. "ఏడు" అనిన సంఖ్య. "ఏఁడు" అనిన సంవత్సరము. ఆ అరసున్న అచ్చట పూర్వము నిండుగా పలికిన అనునాసికమునకు మిగిలిన నీడ. బహువచనమున "ఏండ్లు" అనగనే ఆ నీడ మరల నిండుసున్నయై పలుకును. నేడు వ్రాతలో అరసున్న దాదాపు కనుమరుగైనది. అపాస్ట్రఫీ మాత్రము ఆంగ్లమున నిలిచియే యున్నది.

ఇక పాఠము చెప్పుటలోని మర్మమునకు వత్తము. అమెరికాలో 2010లో వెలువడి పలు రాష్ట్రములు స్వీకరించిన విద్యాప్రమాణములు సంకోచపదములను రెండవ తరగతిలో నుంచినవి. ఇంటి బడులలోను ఆరు మొదలు ఎనిమిదేండ్ల నడుమ ఈ పాఠము వచ్చును. కాని ఆ వయస్సు పిల్లవాడు అప్పటికే దినమునకు నూరుమారులు సంకోచపదములను పలుకుచున్నాడు. మూడేండ్ల పసివాడును "ఐ వోంట్" అని మొండికెత్తగలడు. వానికి "విల్ నాట్" సంగతియే తెలియదు. కావున ఉపాధ్యాయిని నేర్పవలసినది కుదించుట కాదు, విప్పుట. మన బడులలో "సంధి విడదీసి వ్రాయుము" అని అడుగుటలోని సూక్ష్మ మిదియే. కలిపి పలుకుట నోటికి తెలిసిన విద్య. విడదీసి చూచుట మాత్రము బుద్ధి నేర్చుకొనవలసిన విద్య.

ఈ దృష్టితో చూచిన తల్లి మొదటిదినమున కాగితమును పెన్సిలును ముట్టనీయదు. మాటలాడుచునే ఆట మొదలుపెట్టును. ఆమె "ఇట్స్ రెయినింగ్" అనిన పిల్లవాడు "ఇట్ ఈజ్ రెయినింగ్" అని విప్పి చెప్పవలెను. వాడు నిండుగా చెప్పిన ఆమె కుదించి చెప్పును. రెండుమూడు దినములు చెవికి ఇట్లు అలవాటైన పిదప అక్షరముల చీటీలు బల్లపైకి వచ్చును. "డు నాట్" అను రెండు మాటలకు ఐదు చీటీలు. "నాట్"లోని ఓకారపు చీటీని పిల్లవాడే తీసి ప్రక్కన పెట్టి, మిగిలినవానిని దగ్గరకు జరుపును. ఖాళీయైన తావున అపాస్ట్రఫీ చీటీని ఉంచును. కొందరు తల్లులు చీటీకి బదులు వంకర మకరోని ముక్కను అంటించుట గలదు. దాని ఆకారము ఆ గుర్తునకు చక్కగా సరిపోవును. పిల్లలకు నవ్వును పుట్టించును.

పెక్కు పాఠశాలలలోను ఇండ్లలోను ప్రసిద్ధమైన వేరొక ఆట శస్త్రచికిత్స. పిల్లలు వైద్యులు, మాట రోగి. కాగితముపై వ్రాసిన రెండు మాటలలో తీయవలసిన అక్షరమును కత్తెరతో కత్తిరించి, తెగిన రెండంచులను చేర్చి, గాయముపై అంటించు ప్లాస్టరును అచ్చట అతికింతురు. ప్లాస్టరుపై అపాస్ట్రఫీ గీయుదురు. ఆట బాగున్నది, కాని దానిలో చిన్న చిక్కు గలదు. గుర్తు పెట్టునది గాయమున్న చోటనే తప్ప రెండుమాటలు కలిసిన చోట కాదని పిల్లవానికి స్పష్టము చేయకున్నచో, వాడు "డోంట్" వ్రాయునపుడు "డు"కును "నాట్"కును నడుమ కొక్కెమును తగిలించును. ఇది ఈ వయసువారు తరచుగా చేయు పొరపాటు. దీనికి కారణము అజాగ్రత్త కాదు. పిల్లవాడు ఆ గుర్తును రెండు పలకలను బిగించు మేకు అనుకొన్నాడు. అది మేకు కాదు. ఖాళీయైన పీటకు ముందు వేసిన విస్తరి. ఎవరో ఇచ్చట కూర్చుండెడివారని అది చెప్పుచున్నది. ఈ ఒక్క భావము వానికి అందినచో సగము తప్పులు వాటంతట అవియే తొలగిపోవును.

ఇంటిచదువు కుటుంబములలో మిక్కిలి గౌరవము పొందిన విద్యావేత్త షార్లెట్ మేసన్. ఆంగ్లదేశమునకు చెందిన ఈమె 1842లో జన్మించి 1923లో మరణించినది. ఇంటిచదువును గూర్చిన ఆమె గ్రంథము 1886లో వెలువడినది. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు ఏ పాఠమును ఇరువది నిముషములకు మించరాదనియు, మంచి గ్రంథములలోని వాక్యములను చూచి కొద్దిగా, కాని దోషము లేకుండ వ్రాయవలెననియు ఆమె బోధించినది. తప్పుగా వ్రాసిన మాట కంటిలో ముద్రపడును గావున, వెంటనే చిన్న కాగితపు ముక్కను అంటించి దానిని కప్పివేయవలెనని ఆమె మతము. సంకోచపదముల విషయమున ఈ సలహా విలువైనది. "తప్పులు దిద్దుము" అని తప్పురూపములనే బారులుతీర్చి పిల్లవాని ముందు పెట్టుటకంటె, సరియైన రూపమును పలుమారులు చూపుట మేలు.

కంటికి చూపవలసిన అవసరము ఎంతటిదో తెలిసికొనుటకు ఒక్క ఉదాహరణము చాలును. "హీ విల్" అనుదానిని కుదించి వ్రాయునపుడు అపాస్ట్రఫీని మరచినచో మిగులునది "హెల్", అనగా నరకము. "షీ విల్" గుల్ల యగును. "ఐ విల్" రోగి యగును. "వీ విల్" బావి యగును. భక్తుల ఇంట ఈ మొదటి ఉదాహరణము పిల్లలకు ఎన్నటికిని మరపురాదు. అపాస్ట్రఫీయే అక్కరలేదని "డోంట్" వంటి మాటలలో దానిని తన పుస్తకములనుండి వెడలగొట్టిన బెర్నార్డు షా సైతము, ఇట్టి మాటలలో దానిని ఉండనిచ్చెను.

పెద్దల వివాదములు ఇంకను విచిత్రములు. క్రైస్తవాచార్యుడైన జోనాథన్ స్విఫ్టు 1710లో ఒక పత్రికలో, మాటలను ఇట్లు నరికి పొట్టిచేయుట భాషకు పట్టిన తెగులని అపహసించెను. ఆక్స్‌ఫర్డులో గణితాచార్యుడును, చర్చిలో డీకనుగా అభిషిక్తుడును అయిన లూయిస్ కరోల్ వేరొక త్రోవ త్రొక్కెను. రెండుచోట్ల అక్షరములు లోపించిన రెండు గుర్తులు పెట్టవలెనని, "కాంట్", "వోంట్" అను మాటలను రెండేసి అపాస్ట్రఫీలతో వ్రాసెను. 1893లో ఒక గ్రంథపు పీఠికలో ఆ పద్ధతిని సమర్థించుకొనెను. ఒకరు నరుకవద్దనిరి, ఒకరు ప్రతి గాయమునకును కట్టు కట్టుమనిరి, మరియొకరు కట్లే వలదనిరి. లోకము ముగ్గురి మాటయు పూర్తిగా వినలేదు. వాడుక తన త్రోవను తాను ఏర్పరచుకొన్నది. పసివాడు గుర్తును తప్పుచోట పెట్టినపుడు కోపగించుకొను తల్లి, మహాపండితులకే దాని స్థానమునందు ఏకాభిప్రాయము కుదరలేదని గుర్తుంచుకొనుట మంచిది.

"వోంట్" అను మాట కడ పిల్లవాడు తప్పక ఆగును. "విల్ నాట్" కుదించిన "విల్‌ంట్" కావలెను గదా, ఈ ఓకార మెక్కడిది? "అది అంతే, కంఠస్థము చేయుము" అనుట సులభము. కాని సత్యము అంతకంటె రమ్యమైనది. "విల్" అను క్రియకు పూర్వకాలమున "వొల్" అను రూపాంతరముండెడిది. ఆ "వొల్" విడిగా నశించినది. "నాట్"తో కలిసిన జంటలో మాత్రము బ్రదికియున్నది. "ఏండ్లు"లో సున్న బ్రదికియున్నట్లే ఇదియు. నియమమునకు లోబడని మాట అల్లరిమాట కాదు, మిక్కిలి ముసలిమాట. ఏడేండ్లవానికి ఈ కథ అర్థమగును. తాతలను గౌరవింప నేర్చిన ఇంటిలో ఇంకను బాగుగా అర్థమగును.

అట్లే "ఇట్స్" అను మాట. "ఇట్ ఈజ్" అను అర్థమున దానికి అపాస్ట్రఫీ కావలెను. "దానియొక్క" అను అర్థమున కూడదు. పెద్దలును తడబడు చోటిది. తల్లి ఇచ్చట బైబిలునే సాక్షిగా పిలువవచ్చును. 1611 నాటి ముద్రణమున "దానియొక్క" అను అర్థమిచ్చు ఆ మాటయే లేదు. అప్పటికి అది ఇంకను కొత్త. తరువాతి ముద్రణములలో లేవీయకాండము 25వ అధ్యాయమున ఒక్కచోట చేరినది. నిన్నమొన్న పుట్టిన మాటను నిన్నమొన్నటివరకు పండితులును రెండు విధముల వ్రాసిరి. పిల్లవానికి నేర్పవలసిన ఉపాయ మొక్కటే: విప్పి చూడుము, "ఇట్ ఈజ్" అని విప్పగా అర్థము నిలిచిన గుర్తు పెట్టుము, నిలువకున్న మానుము.

కీర్తనల పుస్తకమునకు వచ్చునప్పటికి కథ తిరుగబడును. బైబిలున కానరాని సంకోచములు కీర్తనలలో అడుగడుగునను గలవు. ఛందస్సునకు ఒక మాత్ర హెచ్చైన చోట "హెవెన్" అను స్వర్గము ఒక అచ్చును పోగొట్టుకొనును. "ఓవర్" అను మాట నడుమ హల్లును జారవిడుచును. "ఇట్ ఈజ్" అనునది "టిజ్" అగును. ఇచ్చట ఒక చక్కని అభ్యాసము గలదు. "ఇట్స్", "టిజ్" - రెండును ఆ రెండుమాటలనుండియే పుట్టినవి. మొదటిదానిలో "ఈజ్"లోని అచ్చు పోయినది. రెండవదానిలో "ఇట్"లోని అచ్చు పోయినది. గుర్తు ఎచ్చట నుండునో పిల్లవాడే చెప్పగలడు. ఆదివారమునాడు తాను పాడిన పాటలోను ఖాళీపీటలు గలవని తెలిసినపుడు, సంకోచము వంటింటి భాషకే పరిమితమైన దోషము కాదని వానికి బోధపడును.

ఇక ఇంటిబడికి గల ప్రమాదమును చెప్పకుండుట న్యాయము కాదు. బడిలో పిల్లవాడు పలువురు ఉపాధ్యాయుల నోళ్లు వినును. ఇంటిలో తల్లి నోరే వానికి నిఘంటువు. "కుడ్ హావ్" అనుదాని సంకోచము చెవికి "కుడ్ ఆఫ్" వలె వినిపించును. తల్లి అట్లే వ్రాయునదైనచో, దిద్దువారు లేక ఆ తప్పు ఒక తరము ముందుకు సాగును. ఎదురుగా వేరొక ప్రమాదము: అతిజాగ్రత్తగల తల్లి సంకోచపదమునే సోమరితనముగా భావించి, పిల్లవానిచే ప్రతిమాటయు నిండుగా పలికించును. అట్లు పెరిగిన బాలుడు తోడిపిల్లలతో ఆడుకొనునపుడు ప్రసంగవేదికపై నిలిచినట్లు మాటలాడును. మొదటిది అజ్ఞానము, రెండవది అతిజ్ఞానము. రెంటికిని మందు ఒకటే - ఆమె తాను చెప్పు పాఠమును తానును విద్యార్థినివలె చదువుట. నిజమైన ఇంటిచదువున తల్లియు చదువుకొనును.

తెలుగుదేశమునకు ఈ సంగతి పరాయిది కాదు. అమెరికా బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరు చేరినపుడు ఇదే పాఠమును తలక్రిందుగా చదువవలసి వచ్చినది. నిఘంటువులో విడివిడిగా చూచిన మాటలు బజారులో కలిసిపోయి వినిపించును. ఎచ్చట విప్పవలెనో తెలియదు. మిషనరీయైన ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున వ్రాసి అట్టివారికి దారి చూపెను. పెద్దలు పుస్తకములతో కష్టపడి నేర్చిన దానిని ఇక్కడి పసివాడు ఉగ్గుపాలతో నేర్చియుండెను. నేడు అమెరికాలో పెరుగుచున్న తెలుగుపిల్లలు రెండు భాషలలోను ఈ విద్య ఎరిగినవారు. ఇంటిలో "ఎక్కడున్నావు" అనియు, వీధిలో "వేరార్యూ" అనియు వినుచున్నారు. ఆ రెండును ఒకే తీరు ముడులని వారికి ఎవరైన చూపిన చాలును. రెండు వ్యాకరణములును ఒక్కసారిగా తేలికయగును.

ఇప్పుడు భోజనపుబల్ల కడకు మరల వత్తము. పిల్లవాని ప్రశ్న ఇంకను నిలిచియే యున్నది: ఏది ఒప్పు? దీనికి కడపటి సమాధానము వాని చెవియే చెప్పును. తల్లి "నీవు సిద్ధమా?" అని ఆంగ్లమున అడిగిన వాడు "యెస్, ఐ యామ్" అనును, "యెస్, ఐమ్" అని ఎన్నడును అనడు. వానికెవరును ఆ నియమమును నేర్పలేదు. వాక్యము చివర, బరువంతయు ఆ మాటమీదనే నిలిచినపుడు, అది కుదింపబడదని వాని నోటికే తెలియును. తల్లి అప్పుడు నిర్గమకాండము మూడవ అధ్యాయమును తెరచి చూపవచ్చును. మండుచున్న పొదలోనుండి మోషేకు చెప్పబడిన నామమును ఆ అనువాదము ఆ రెండుమాటలతోనే - "ఐ యామ్" అని - నిండుగా తెలిపినది. దినమునకు నూరుమారులు తాను మ్రింగివేయు మాటయే అచ్చట ఒక్క అక్షరమును తరుగక నిలిచినదని చూచినపుడు, నిండురూప మెందుకో పిల్లవానికి తెలియును.

నిండుమాట గొప్పది, కుదించినమాట హీనము అని మాత్రము వాడనుకొనరాదు. అందులకును మందు చేతిలోనే గలదు. సాయంకాలము తండ్రి తరపు అవ్వ వచ్చి వెడలునపుడు పిల్లలు వాకిట నిలిచి "గుడ్‌బై" అందురు. అదియు సంకోచపదమే. "దేవుడు నీకు తోడుగా నుండునుగాక" అను అర్థముగల నాలుగు ఆంగ్లపదములు 16వ శతాబ్దముననే అరిగి అరిగి ఒక్క మాటయైనవి. అందు అపాస్ట్రఫీ కూడ మిగులలేదు. దేవుని పేరు సైతము, "గుడ్ మార్నింగ్" వంటి మాటల సహవాసమున "గుడ్"గా మారిపోయినది. ఆ సంగతి తెలియనివారును దినమునకు పదిమారులు ఆ ఆశీర్వాదమును పలుకుచునే యున్నారు.

ఆ మాటను విప్పి చూపిన తల్లి ఆ పూట పాఠమును ముగింపవచ్చును. మరునాడు వాకిట నిలిచి చేయి ఊపునపుడు పిల్లవాడు కుదించియే "గుడ్‌బై" అనును. దానిలో ఎవరి పేరు దాగియున్నదో ఎరిగి అనును.